సూది గుచ్చక ముందే అడగాల్సిన మాట

మా బంధువర్గంలో ఎవరు నెల తప్పినా, మూడో నెల దాటేలోపు నా ఫోనుకు ఒక ఫొటో వస్తుంది. కాలేజీలో బయోకెమిస్ట్రీ పాఠాలు చెబుతాను కాబట్టి రక్త పరీక్ష కాగితం ఏదైనా నాకు ఇట్టే అర్థమైపోతుందని మావాళ్ల నమ్మకం. షుగరు, థైరాయిడ్ రిపోర్టులైతే రెండు ముక్కల్లో చెప్పేస్తాను. ఈ ఫొటో అలా తేలేది కాదు. కాగితం పైన 'డబుల్ మార్కర్' అని ఉంటుంది. కింద ఒక గ్రాఫు, అందులో ఎర్ర గీత, ఆ గీతకు పైనో కిందో ఒక చుక్క. పక్కన 1:190 లాంటి అంకె ఏదో ఒకటి, దాని వెంబడి పెద్ద అక్షరాల్లో 'హై రిస్క్' అనో 'లో రిస్క్' అనో ముద్ర. ఫొటో వెనకే ప్రశ్న: "పిన్నీ, బిడ్డకు ఏమైనా అయిందా?"

ఆ ప్రశ్నకు ఆ కాగితంలో జవాబు లేదు. ఉండదు కూడా. గర్భిణి రక్తం తీసి, కడుపులో బిడ్డ క్రోమోజోముల్లో తేడా ఉండే అవకాశం ఎంతో లెక్కగట్టే ఈ పరీక్షలకు నేను వ్యతిరేకిని కాను. ఫలితం తెలిశాక గర్భం ఉంచుకోవాలా వద్దా అన్నది ఆ తల్లి తేల్చుకోవలసిన విషయం. అందులో వేలు పెట్టే హక్కు నాకు లేదు, మీకూ లేదు. నా తగాదా ఒక్కటే. మన ఊళ్లలో ఈ పరీక్షను అడిగి చేయడం లేదు. హిమోగ్లోబిన్, షుగరు, థైరాయిడ్ వరసలో దీనికీ ఒక టిక్కు పెట్టి ల్యాబుకు పంపుతున్నారు. సూది గుచ్చే ముందు "ఈ సంగతి మీకు తెలుసుకోవాలని ఉందా?" అని అడిగినవాళ్లు నాకు తెలిసిన తల్లుల్లో ఏ ఒక్కరికీ తారసపడలేదు.

హిమోగ్లోబిన్ తగ్గితే ఐరన్ మాత్రలు ఇస్తారు. థైరాయిడ్ తేడా వస్తే పొద్దున్నే పరగడుపున ఒక మాత్ర. ఆ పరీక్షలకు ముందు కూర్చోబెట్టి మాట్లాడాల్సిన అవసరం పెద్దగా లేదు. ఫలితం ఎలా వచ్చినా దానికో మందుంది, ఆ మందు వద్దనేవారు ఉండరు. డౌన్ సిండ్రోమ్‌కు మందు లేదు. 21వ క్రోమోజోము రెండుకు బదులు మూడు ఉండడమే ఆ స్థితి. 1959లో ఫ్రాన్స్‌లో జెరోమ్ లెజున్, మార్త్ గోతియే, రేమండ్ టుర్పిన్ కలిసి ఆ సంగతి బయటపెట్టిన నాటి నుంచి ఇప్పటివరకు మనిషి ఒంట్లోంచి ఆ మూడోదాన్ని తొలగించే దారి ఎవరికీ దొరకలేదు. 18వది, 13వది మూడేసి ఉంటే పరిస్థితి మరీ తీవ్రం. ఆ పిల్లల్లో ఎక్కువమంది ఏడాది నిండకుండానే పోతారు. కాబట్టి ఈ పరీక్ష చీటీ మందుల షాపుకు దారి తీయదు. ఇంకో పరీక్షకు, అక్కడి నుంచి ఒక నిర్ణయానికి తీసుకెళుతుంది. ఆ దారిలో నడవడం ఇష్టమో కాదో మొదట్లోనే అడగకుండా, సగం దూరం వెళ్లాక "ఇప్పుడేం చేద్దాం?" అనడం అన్యాయం.

అసలు ల్యాబులో జరిగేదేమిటో చూద్దాం. 11 వారాల నుంచి 13 వారాల 6 రోజుల మధ్య తల్లి రక్తం తీసి, మాయ నుంచి వచ్చే రెండు పదార్థాలను కొలుస్తారు. ఒకటి పాప్-ఎ అనే ప్రొటీను, రెండోది బీటా హెచ్‌సీజీ. డౌన్ సిండ్రోమ్ ఉన్న గర్భాల్లో సగటున మొదటిది మామూలులో సగానికి పడిపోతుంది, రెండోది రెట్టింపు అవుతుంది. సగటున అన్నాను, గమనించండి. ఏ తేడా లేని బిడ్డను మోస్తున్న తల్లుల్లోనూ కొందరికి పాప్-ఎ తక్కువగా, హెచ్‌సీజీ ఎక్కువగా ఉంటాయి. డౌన్ బిడ్డ ఉన్న తల్లుల్లో కొందరికి రెండూ మామూలుగా ఉంటాయి. రెండు గుంపులూ బాగా కలిసిపోయి ఉంటాయి. అందుకే ఈ అంకెలకు ఎన్.టి. స్కాన్‌లో బిడ్డ మెడ వెనక కనిపించే నీటి పొర మందాన్ని, తల్లి వయసును జోడించి కంప్యూటర్ ఒక లెక్క వేస్తుంది. 25 ఏళ్ల తల్లికి డౌన్ బిడ్డ పుట్టే అవకాశం సుమారు 1250లో 1. 35 ఏళ్లకు 350లో 1. 40 ఏళ్లకు 100లో 1. వయసు చెప్పే ఆ అంకెతో మొదలుపెట్టి, రక్తం, స్కాన్ చెప్పినదాన్ని బట్టి పెంచుతూ తగ్గిస్తూ చివరకు 1:190 అంటుంది.

ఇక్కడ చిన్న పక్కమాట. "మా అమ్మాయికి ఇరవై మూడేళ్లే, దానికి ఇవన్నీ ఎందుకు?" అనే పెద్దవాళ్లు చాలామంది. ఒక్కో తల్లికి అవకాశం తక్కువే. కానీ మనదగ్గర కానుపుల్లో ఎక్కువ భాగం చిన్న వయసు తల్లులవే కాబట్టి డౌన్ పిల్లల్లోనూ ఎక్కువమంది వాళ్లకే పుడతారు. వయసు చూసి అడగాలా వద్దా అని తేల్చేయడం కుదరదు.

ఆ లెక్కలోకి వెళ్లే సరుకు ఎంత బాగుంటే బయటికొచ్చే అంకె అంత బాగుంటుంది. నేను దగ్గరగా చూసిన ఒక సంగతి చెబుతాను. మా అక్క కూతురికి మొదటి కాన్పు. రిపోర్టు హై రిస్క్, 1:190. ఇల్లంతా నిద్రాహారాలు మానేసింది. అత్తవారింట్లో అప్పుడే గుసగుసలు మొదలయ్యాయి. నేను రిపోర్టు వదిలేసి, ల్యాబులో రక్తం ఇచ్చేటప్పుడు నింపిన ఫారం ఫొటో పంపమన్నాను. వయసు ఉంది. బరువు గడిలో 55 అని గుండ్రంగా వేసి ఉంది. పిల్ల అసలు బరువు 68. కవలలా, షుగరు ఉందా, ఐవీఎఫ్ ద్వారా వచ్చిన గర్భమా అన్న గడులు ఖాళీ. ముఖ్యమైనది, స్కాన్‌లో కొలిచిన బిడ్డ పొడవు రాయాల్సిన చోట ఒక అడ్డగీత. చివరిసారి నెలసరి వచ్చిన తేదీని బట్టే వారాలు లెక్కించారు. ఆ పిల్లకు చిన్నప్పటి నుంచీ నెలసరి నలభై రోజులు దాటితేగానీ రాదు. అంటే తేదీ ప్రకారం 13 వారాలైనా, కడుపులో బిడ్డ వయసు 12 కూడా నిండలేదు.

దీనివల్ల ఏమవుతుందో చెబితే ఆశ్చర్యపోతారు. పాప్-ఎ వారం వారం వేగంగా పెరుగుతుంది. హెచ్‌సీజీ పదో వారం దాటాక తగ్గుతూ వస్తుంది. 12 వారాల రక్తాన్ని 13 వారాల కొలబద్దతో కొలిస్తే మొదటిది తక్కువగా, రెండోది ఎక్కువగా కనిపిస్తుంది. అచ్చం డౌన్ సిండ్రోమ్‌లో కనిపించే తీరే. ఐదో నెలలో చేసే ట్రిపుల్, క్వాడ్రపుల్ మార్కర్లలోనూ ఇదే చిక్కు: డౌన్ గర్భాల్లో తక్కువగా ఉండే ఏఎఫ్‌పీ అనే ప్రొటీను వారానికి సుమారు 15 శాతం చొప్పున పెరుగుతుంది కాబట్టి వారాలు ఎక్కువగా రాసుకుంటే అది తక్కువగా తేలుతుంది. నెలసరి సరిగా రాని ఆడపిల్లలు మన ఇళ్లలో ఎంతమంది ఉన్నారో లెక్క పెట్టుకోండి, ఈ తప్పు ఎంత తేలిగ్గా జరుగుతుందో తెలుస్తుంది. ల్యాబుకు ఫోను చేసి, స్కాన్ కొలతలు, సరైన బరువు ఇచ్చి మళ్లీ లెక్క వేయించాం. అంకె 1000లో 1 కంటే కిందికి దిగిపోయింది. రక్తం అదే, యంత్రం అదే. చుక్క మాత్రం గీత దాటి కిందికి వచ్చింది. ఫారం నింపిన కుర్రాడిని తిట్టి లాభం లేదు. ఆ గడులు ఎందుకున్నాయో అతనికి ఎవరూ చెప్పలేదు, పిల్లకూ చెప్పలేదు.

ఇక అంకె సరైనదే అనుకుందాం. 1:190 అంటే ఇలాంటి రిపోర్టు వచ్చిన 190 మందిలో ఒక్కరి బిడ్డకే డౌన్ సిండ్రోమ్, 189 మంది బిడ్డలకు లేదు. దీనికి 'హై రిస్క్' అని ఎర్ర ముద్ర. 1:260 వస్తే 'లో రిస్క్' అని పచ్చ ముద్ర, ఎందుకంటే చాలా ల్యాబుల్లో గీత 1:250 దగ్గర ఉంటుంది. రెండింటికీ మధ్య తల్లి కడుపులో ఉన్న తేడా దాదాపు సున్నా. మనిషి మనసులో మాత్రం భూమికీ ఆకాశానికీ ఉన్నంత. ఈ పరీక్ష పని జల్లెడ పట్టడమే: ఎవరిని ఇంకా పరీక్షించాలో వేరు చేయడం. మిగిలినవాళ్లలో ఒక్క రాయి కూడా లేదని ఎవరూ హామీ ఇవ్వరు, పైన నిలిచినవన్నీ రాళ్లే అనీ ఎవరూ అనరు. రిపోర్టు అడుగున చిన్న అక్షరాల్లో ఇంగ్లిషులో ఈ మాటే ఉంటుంది. దాన్ని చదివేవారు లేరు, చదివి చెప్పేవారు అంతకన్నా లేరు.

ఇప్పుడు పట్టణాల్లో బాగా వినిపిస్తున్నది ఎన్ఐపీటీ. ఇదీ తల్లి రక్తంతో చేసేదే; ఆ రక్తంలో తేలే డీఎన్ఏ ముక్కలను చదువుతుంది. దీని పుట్టుక చక్కటి కథ. హాంకాంగ్‌కు చెందిన డెనిస్ లో అనే వైద్యుడు ఆక్స్‌ఫర్డ్‌లో పనిచేస్తూ, కణితుల నుంచి డీఎన్ఏ ముక్కలు రక్తంలోకి రాలుతున్నాయని చదివి, కణితే రాల్చగలిగితే కడుపులో బిడ్డ ఎందుకు రాల్చదు అనుకున్నాడు. రక్తంలోని ద్రవాన్ని నూడుల్స్ వండినట్టు కాసేపు ఉడకబెట్టి వెతికితే తల్లి రక్తంలో వై క్రోమోజోము ముక్కలు దొరికాయి. తల్లికి వై ఉండదు కాబట్టి అది కడుపులో ఉన్న మగబిడ్డదే. 1997లో ఆ పరిశోధన అచ్చయింది. 2011 నాటికి పరీక్షగా బజారులోకి వచ్చింది. మనకు సంబంధించిన విడ్డూరం ఇక్కడే ఉంది. ఈ శాస్త్రం మొట్టమొదట చూపించినదేదో, అంటే బిడ్డ మగో ఆడో, అది చెప్పడం మన దేశంలో 1994 చట్టం ప్రకారం నేరం. అందుకే ఇక్కడి రిపోర్టుల్లో ఎక్స్, వై సంగతి దాచిపెడతారు. దాచాల్సిందే. ఆ చట్టం లేకపోతే ఈ పరీక్షను మనవాళ్లు దేనికి వాడేవారో ఊహించడానికి పెద్ద తెలివి అక్కర్లేదు.

ఎన్ఐపీటీ పాత పరీక్షలకన్నా ఎంత మెరుగో ఒక అధ్యయనం బాగా చూపించింది. 2015లో అచ్చయిన దాంట్లో 15,841 మంది గర్భిణులకు రెండు పరీక్షలూ చేశారు. వాళ్లలో డౌన్ బిడ్డలు 38. కొత్త పరీక్ష 38 మందినీ పట్టుకుంది, పాత పద్ధతి 30 మందిని పట్టుకుని 8 మందిని వదిలేసింది. బిడ్డకు ఏమీ లేకపోయినా ఉండవచ్చని భయపెట్టింది పాత పద్ధతిలో 854 మంది తల్లులను, కొత్తదాంట్లో 9 మందిని. డబ్బున్నవాళ్లు దీనివైపు పరుగెత్తడంలో తప్పు లేదు. డబుల్ మార్కర్‌కన్నా దీనికయ్యే ఖర్చు చాలా ఎక్కువ.

అయినా అందులోనూ 47 మందికి 'ఉంది' అని వస్తే 9 మందికి లేదు. ఎందుకంటే అది చదివేది బిడ్డ డీఎన్ఏ కాదు, ఎక్కువగా మాయ డీఎన్ఏ. మాయలో తేడా ఉండి బిడ్డలో లేకపోవచ్చు. పైగా మరీ అరుదైన జబ్బులను, అంటే క్రోమోజోములో చిన్న ముక్క రాలిపోవడం లాంటివాటిని, ప్యాకేజీలో కలిపి అమ్ముతున్నారు. వాటి విషయంలో 'ఉంది' అన్న ఫలితాల్లో తప్పులు చాలా ఎక్కువ; 2022 ఏప్రిల్‌లో అమెరికాలో మందులు, పరీక్షలపై నిఘా వేసే ఎఫ్‌డీఏ ఈ ఫలితాన్ని ఒక్కదాన్నే నమ్ముకుని గర్భం తీయించుకోవద్దని బహిరంగంగా హెచ్చరించవలసి వచ్చింది. ఒక్కోసారి ఆ పరీక్ష బిడ్డను వదిలేసి తల్లి గురించే చెబుతుంది. ఫలితం ఎటూ అర్థం కాకుండా వచ్చిన 107 మంది మహిళలను అక్కడి జాతీయ ఆరోగ్య సంస్థ వైద్యులు ఒళ్లంతా స్కాన్ చేసి చూస్తే 52 మందిలో క్యాన్సర్ బయటపడింది. ప్రాణం కాపాడే సమాచారమే, కాదనను. కానీ బిడ్డ బాగుందో లేదో చూద్దామని చెయ్యి చాపిన మనిషికి ఇలాంటిది కూడా తెలియవచ్చని ముందు ఒక మాట చెప్పాలా వద్దా?

నిక్కంగా తేల్చేది ఉమ్మనీరు పరీక్షే, లేదా అంతకుముందు వారాల్లో మాయ నుంచి చిన్న ముక్క తీసి చేసే పరీక్ష. కడుపులోకి సూది పంపాలి; గర్భం పోయే ప్రమాదం చిన్నదే అయినా ఉంది. దానికి మాత్రం చట్టం గట్టిగా ఉంది. మంచీ చెడూ వివరించి, ఆమెకు అర్థమయ్యే భాషలో రాతపూర్వకంగా అంగీకారం తీసుకోవాలని 1994 చట్టంలోనే రాశారు. స్కాన్ గది ముందు కూడా ప్రతి గర్భిణీ ఆడో మగో తెలుసుకోవాలని కోరడం లేదని సంతకం పెట్టాకే లోపలికి వెళుతుంది. ఆడో మగో అడగనని సంతకం చేసే చేతి నుంచే, డౌన్ సిండ్రోమ్ ఉందో లేదో తేల్చే వరసలో మొదటి సీసా రక్తం ఏ సంతకమూ లేకుండా తీసేస్తారు. ఒట్టి రక్త పరీక్షేగా అంటారు. సూది నొప్పిని బట్టి పరీక్ష బరువును తూకం వేసే అలవాటు మనది.

కాలం సంగతి ఇంకో చిక్కు. మన ఇళ్లలో మూడో నెల నిండేదాకా కడుపుతో ఉన్న మాట బయటికి చెప్పకూడదంటారు. దిష్టి తగులుతుందనో, నిలుస్తుందో లేదో అనో. చాలామంది ఆసుపత్రి గడప తొక్కేది కూడా ఆ తర్వాతే. సరిగ్గా ఆ గుట్టు నడిచే రోజుల్లోనే మొదటి పరీక్ష గడువు తెరుచుకుని మూసుకుపోతుంది. ఐదో నెలలో మార్కర్ టెస్టు, బిడ్డ అవయవాలన్నీ చూసే టిఫా స్కాన్ అంటూ మొదలుపెట్టినవాళ్లకు ఫలితం వచ్చేసరికి 19, 20 వారాలు. ఉమ్మనీరు తీసి, కణాలను పెంచి క్రోమోజోములు లెక్కపెట్టడానికి రెండు మూడు వారాలు. 2021కి ముందైతే 20 వారాలు దాటితే గర్భం తీయించుకునే దారిని చట్టం మూసేసేది. కోర్టు మెట్లెక్కాల్సి వచ్చేది. 2008లో బొంబాయి హైకోర్టుకు వెళ్లి, బిడ్డ గుండెలో లోపం ఉందని మొరపెట్టుకుని ఓడిపోయిన నికేతా మెహతా కేసు తర్వాత పదమూడేళ్లకు ఆ చట్టం మారింది. బిడ్డలో తీవ్రమైన లోపం ఉండే అవకాశం ఉంటే ఇప్పుడు ఇద్దరు వైద్యుల అభిప్రాయంతో 24 వారాల వరకు, లోపం గణనీయమైనదని మెడికల్ బోర్డు తేలిస్తే ఆ తర్వాత కూడా వీలుంది. చట్టం కాస్త ఊపిరి పీల్చుకునే వ్యవధి ఇచ్చింది. ఆ వ్యవధిని మనం ఫోన్లలో బంధువులకు ఫొటోలు పంపడానికి ఖర్చు చేస్తున్నాం.

నిందల సంగతి కూడా చెప్పకుండా ఉండలేను. హై రిస్క్ అన్న మాట ఇంట్లో పడగానే అందరి చూపూ కోడలి మీదికే. గ్రహణం పూట బయటికెళ్లిందనీ, పుట్టింటివైపు ఎవరికో మతి సరిగా లేదనీ. అదనపు క్రోమోజోము ఎక్కువగా తల్లి అండం నుంచే వస్తుందన్నది నిజం. అండం తయారయ్యేటప్పుడు క్రోమోజోములు విడిపోవడంలో జరిగే పొరపాటు అది. ఆమె తిన్నదానికీ చేసినదానికీ సంబంధం లేదు. వంశంలో నడిచే రకం నూటికి ఒక కేసు దరిదాపే. మేనరికం చేసుకున్న జంటలు ఈ పరీక్ష లో రిస్క్ వస్తే గుండెల మీద చెయ్యి వేసుకోవడం చూస్తుంటాను. మేనరికంతో పెరిగే ముప్పు వేరు: తలసీమియా, పుట్టు చెవుడు, కొన్ని జీవక్రియల జబ్బులు. వాటిలో ఒక్కదాన్ని కూడా డబుల్ మార్కర్ చూడదు. తలసీమియా జన్యువు మోస్తున్నారో లేదో తెలుసుకోవడానికి వేరే రక్త పరీక్ష ఉంది, చవకైనది, పెళ్లికి ముందే చేయించుకోవచ్చు. మేనరికాలు ఇంత వాడుకలో ఉన్న మన రెండు రాష్ట్రాల్లో దాని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ, దీని ప్యాకేజీలు అమ్మేవాళ్లు ఎక్కువ.

ఇంతకూ ఆ 'తేడా' అంటే ఏమిటో పరీక్ష రాసిచ్చినవాళ్లు చెబుతారా? చెబితే ఒక జాబితా చదువుతారు: బుద్ధిమాంద్యం, గుండె లోపం, థైరాయిడ్. జాబితా అబద్ధం కాదు. డౌన్ పిల్లల్లో దాదాపు సగం మందికి గుండెలో లోపం ఉంటుంది. చాలావాటికి ఆపరేషన్ ఉంది. మాటలు ఆలస్యంగా వస్తాయి, చదువు నెమ్మది. అమెరికాలో 1983 ప్రాంతంలో పాతికేళ్లున్న సగటు ఆయుష్షు ఇప్పుడు అరవైకి చేరింది, వైద్యం అందడం వల్ల. మా వీధి చివర కిరాణా కొట్టులో ముప్పై ఏళ్లకు దగ్గరవుతున్న ఒకతను ఉంటాడు, డౌన్ సిండ్రోమ్ మనిషి. చొక్కా పై గుండీ పెట్టుకోడు, ఆపరేషన్ మచ్చ కనిపిస్తూ ఉంటుంది. సరుకు దింపినప్పుడు బిస్కెట్ ప్యాకెట్లను పేరు బయటికి కనిపించేలా ఒకే వరసలో పేర్చడం అతని పని. వంకరగా ఉన్నది మనం తీసుకుంటే ఊరుకుంటాడు, వరసలోది తీస్తే కోపం. డబ్బు లెక్క మాత్రం వాళ్ల నాన్నదే. వాళ్లమ్మను నేనెప్పుడూ ఓదార్చలేదు, ఆమెకు అక్కర్లేదు. "మేమున్నన్నాళ్లూ ఫరవాలేదమ్మా, మా తర్వాతే" అంటుంది, అంతే. ఆ మాటకు మన ప్రభుత్వాల దగ్గర జవాబు చాలా సన్నగా ఉంది. 2016 వికలాంగుల చట్టం హక్కులు రాసిచ్చింది. నిరామయ పథకం లక్ష రూపాయల వరకు ఆరోగ్య బీమా ఇస్తుంది. తల్లిదండ్రులు పోయాక పెద్దవాడైన కొడుకు ఎక్కడుంటాడన్నది మాత్రం అన్నదమ్ముల దయ.

అందుకే డౌన్ బిడ్డను కనమని గానీ వద్దని గానీ ఎవరికీ నీతులు చెప్పను. ఆ కొట్టు దగ్గర అరగంట నిలబడి, ఆ తల్లితో మాట్లాడి, ఆ తర్వాత వద్దనుకున్నా గౌరవిస్తాను. ఎర్ర గీత చూసి, అత్తగారి ముఖం చూసి వద్దనుకోవడాన్ని నిర్ణయం అనలేను.

అడిగితే ఏమవుతుందో నెదర్లాండ్స్‌లో చూశారు. అక్కడ 2017 ఏప్రిల్ నుంచి ఎన్ఐపీటీని గర్భిణులందరికీ అందుబాటులో పెట్టారు. పరీక్షకు ముందు, అసలు ఈ సమాచారం కావాలా అని మంత్రసానో వైద్యులో కూర్చుని మాట్లాడతారు. తెలుసుకోకుండా ఉండడం కూడా ఆమె హక్కే అని అక్కడి పద్ధతి. మొదటి ఏడాది పరీక్ష చేయించుకున్నది 42 శాతం. చేతి నుంచి 175 యూరోలు కట్టాల్సి రావడం కూడా ఒక కారణమే అనుకోండి. అయినా అంత సంపన్న దేశంలో, అంత మంచి పరీక్షను, సగానికి పైగా ఆడవాళ్లు అవసరం లేదనుకున్నారు. మన ప్రైవేటు ఆసుపత్రుల్లో అలా అనేవారు కనిపించరు. మన ఆడవాళ్లందరికీ తెలుసుకోవాలని అంత తహతహ ఉందనుకోకండి. వాళ్లను ఎవరూ అడగలేదు.

వైద్యులు చెప్పేవి నాకు తెలుసు. పొద్దున్న ఓపీలో అరవై మంది ఉంటారు, ఒక్కొక్కరికి ఐదు నిమిషాలు. రేపు డౌన్ బిడ్డ పుడితే పరీక్ష ఎందుకు రాయలేదని వినియోగదారుల కోర్టుకు ఈడుస్తారు. ఈ రెండో భయం న్యాయమైనదే, దానికి మందు కూడా అడగడమే: అడిగాం, ఆమె వద్దంది, ఇదిగో సంతకం. ఇక సమయం. జన్యు సలహాదారులు హైదరాబాద్‌లో నిమ్స్ లాంటి చోట, బేగంపేట జన్యు వ్యాధుల ఆసుపత్రిలో దొరుకుతారు, జిల్లాల్లో గగనం. అందుకని ప్రతి గర్భిణికీ నిపుణులే చెప్పాలని నేననడం లేదు. ఏఎన్ఎం చెప్పగలిగినంత తేలికగా ఒక పేజీ రాస్తే చాలు, తెలుగులో. ఈ పరీక్ష అవకాశాన్ని మాత్రమే చెబుతుంది, ఉందో లేదో చెప్పదు. ఎక్కువ అవకాశం అని వచ్చినవాళ్లలో చాలామంది బిడ్డలకు ఏమీ ఉండదు. వస్తే తర్వాత సూది పరీక్ష, దాని ప్రమాదం ఇంత, దానికి పట్టే రోజులు ఇన్ని, చట్టం ఇచ్చే గడువు ఇది. డౌన్ సిండ్రోమ్ ఉన్న మనిషి బతుకు ఎలా ఉంటుంది, రెండు వాక్యాలు. మీ నెలసరి సక్రమమేనా, మీ బరువెంత, స్కాన్ కొలత రాశారా, సరిచూసుకోండి. చివర్లో రెండు గడులు: తెలుసుకోవాలని ఉంది, లేదు. 'లేదు' గడి 'ఉంది' గడి అంత పెద్దదిగా ఉండాలి.

అలాంటి పేజీ ఒకటి మా డిగ్రీ పిల్లలతో రాయించి, మా ఊళ్లో గైనకాలజిస్టుల దగ్గరికి పట్టుకెళ్లాను. ఇద్దరు తమ క్లినిక్‌లో పెట్టుకుంటామన్నారు. ఒకరు అక్షరాలు ఇంకాస్త పెద్దవి చేయమని కూడా చెప్పారు. మూడో ఆవిడ కళ్లద్దాలు పెట్టుకుని శ్రద్ధగా మొత్తం చదివి, "బాగానే ఉంది గానీ మేడమ్, ఇది చదివితే సగం మంది పరీక్ష మానేస్తారు" అన్నారు. మానేయనివ్వండి అన్నాను. ఆవిడ ఇంకా ఒప్పుకోలేదు. పెద్ద అక్షరాల ప్రతి అచ్చయ్యాక మళ్లీ వెళతాను.